ఎలక్ట్రిక్ కారు లోపల కరెంటు దారి: ప్లగ్ నుంచి చక్రం దాకా

ఎలక్ట్రిక్ కారు గురించి ఎవరు చెప్పినా మోటార్, పికప్, స్పీడు అంటూ మొదలుపెడతారు గానీ, నిజానికి ఆ బండిలో మనకి అన్నింటికంటే తక్కువ తలనొప్పి తెచ్చేది ఆ మోటారే. అది ఎప్పుడో తేలిపోయిన విద్య. 1899లోనే కామీ జెనాట్జీ అనే బెల్జియం రేసర్ ఎలక్ట్రిక్ బండి మీద గంటకి 100 కిలోమీటర్ల స్పీడు దాటేశాడు, రోడ్డు మీద నడిచే ఏ బండైనా ఆ గీత దాటడం అదే మొదటిసారి. మరి ఆ తర్వాత నూరేళ్లు ఎలక్ట్రిక్ బళ్లు ఎందుకు మూలన పడ్డాయి అంటే కరెంటు దాచుకోవడానికి సరైన పెట్టె లేక. సోనీ వాళ్లు 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాకే కథ మళ్లీ కదిలింది. అందుకని ఈ బండిని అర్థం చేసుకోవాలన్నా, సరిగ్గా వాడుకోవాలన్నా బ్యాటరీ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, మిగతావి గబగబా చూసేయొచ్చు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం, దీని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. లీటర్ పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, యూనిట్ అంటే కరెంటు మీటర్ లెక్కేసే కిలోవాట్ అవరే. అంటే 60 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఫుల్ ఛార్జ్‌లో మోసేది ఏడు లీటర్ల పెట్రోల్ లోపు శక్తి అన్నమాట, దానికి బ్యాటరీ బరువేమో 350 నుంచి 450 కిలోలు. ఆ కాస్త శక్తితో 350, 400 కిలోమీటర్లు ఎలా లాగుతుంది అంటే, పెట్రోల్ ఇంజన్ తను తాగినదాంట్లో సుమారు ముప్పావు వంతు వేడి కింద సైలెన్సర్ లోంచి, రేడియేటర్ లోంచి పారేస్తుంది, ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోంచి తీసినదాంట్లో 80 శాతం పైనే చక్రాలకి అందిస్తుంది. ఇక్కడే ఇంకో సంగతి కూడా ఉంది. పెట్రోల్ కారులో వేస్ట్ అంత ఎక్కువ కాబట్టి మనం కాస్త స్పీడు పెంచినా, లోపల హీటర్ వేసుకున్నా పెద్దగా తెలీదు, ఎలక్ట్రిక్ కారులో వేస్ట్ తక్కువ కాబట్టి మనం చేసే ప్రతి పనీ రేంజ్‌లో, అంటే ఒక్క ఛార్జ్‌తో వెళ్లగలిగే దూరంలో, కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు రేంజ్ పడిపోతోంది అని కంగారు పడేది ఎక్కువగా దీనివల్లే.

స్టార్ట్ బటన్ నొక్కితే ఏం జరుగుతుంది

నొక్కగానే సీటు కిందనో ముందునో ఒక టక్ మనే చప్పుడు వస్తుంది కదా, అది కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్. కారు ఆపేసి ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీకి, బండికి మధ్య కనెక్షన్ తెగిపోయి ఉంటుంది, భద్రత కోసం. ఆ కాంటాక్టర్ని మూసేది ఎవరు అంటే ఇంకో చిన్న బ్యాటరీ, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ లాంటిదే. లైట్లు, వైపర్లు, డోర్ లాకులు, కంప్యూటర్లు అన్నీ దీని మీదే బతుకుతాయి. అందుకే పెద్ద బ్యాటరీ 90 శాతం నిండి ఉన్నా ఈ చిన్నది చచ్చిపోతే కారు ఉలకదు పలకదు. బండి నడుస్తున్నప్పుడు డీసీ టు డీసీ కన్వర్టర్ అనే పెట్టె పెద్ద బ్యాటరీలోంచి కాస్త తీసి చిన్నదాన్ని నింపుతూ ఉంటుంది, పెట్రోల్ కారులో లాగా ఆల్టర్నేటర్ అవసరం లేదు. ఎక్కువ రోజులు కారు కదపకుండా వదిలేసేవాళ్లు ముందు దీని సంగతి చూసుకోవాలి, కొన్ని కార్లు వాటంతట అవే అప్పుడప్పుడు నింపుకుంటాయి, కొన్ని చెయ్యవు, మాన్యువల్లో రాసి ఉంటుంది.

బానెట్ కింద ఆరెంజ్ కలర్ లావు కేబుళ్లు కనపడితే వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి హై వోల్టేజ్ కేబుళ్లు, కారు ఆపినా సరే ట్రైనింగ్ లేకుండా ముట్టుకోకూడదు.

బ్యాటరీ లోపల

ఒక్క పెద్ద బ్యాటరీ అంటాం గానీ అది వందలు, కొన్ని కార్లలో వేల సెల్స్ కలిపి కట్టిన పెట్టె. ఒక్కో సెల్ 3.2 నుంచి 3.7 వోల్టులే ఇస్తుంది, అలాంటివి ఓ 96 వరసగా కలిపితే 350 వోల్టుల దగ్గరికి వస్తుంది, చాలా కార్లు ఈ లెవెల్లోనే ఉంటాయి, కొత్తగా వచ్చే కొన్ని 800 వోల్టుల దాకా పోతున్నాయి. వోల్టేజ్ ఎందుకు పెంచుతున్నారంటే అదే పవర్‌కి కరెంటు సగం సరిపోతుంది, కరెంటు తగ్గితే వైర్లు వేడెక్కడం బాగా తగ్గుతుంది, సన్నటి వైర్లు చాలు, ఛార్జింగ్ కూడా స్పీడుగా చెయ్యొచ్చు.

సెల్ లోపల జరిగేది చెప్పుకోవడానికి సింపులే. ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు ఒక వైపు నుంచి బయలుదేరి ఇంకో వైపున ఉన్న గ్రాఫైట్ పొరల మధ్యకి వెళ్లి కూర్చుంటాయి, బండి నడిపితే వెనక్కి వస్తాయి, ఆ వచ్చేటప్పుడు ఎలక్ట్రాన్లు బయటి వైర్ గుండా ప్రయాణం చేస్తాయి, మనకి కావాల్సిన కరెంటు అదే. ఈ పని మీదే జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకి 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

కొనేవాళ్లు, వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది మాత్రం తమ కారులో ఏ రకం సెల్స్ ఉన్నాయన్నది. ముఖ్యంగా రెండు రకాలు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్ఎంసీ ఒకటి, ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్ఎఫ్‌పీ రెండోది. ఎన్ఎంసీ అదే బరువులో ఎక్కువ కరెంటు దాస్తుంది, ఎల్ఎఫ్‌పీ కాస్త బరువు, కానీ ఎక్కువసార్లు ఛార్జ్ చేసినా తట్టుకుంటుంది, వేడికి అంత తొందరగా అదుపు తప్పదు, కోబాల్ట్ నికెల్ గొడవ లేదు. నన్నడిగితే రోజూ తిరిగేది తక్కువ, లాంగ్ డ్రైవ్‌లు అరుదు అనుకునేవాళ్లకి ఎల్ఎఫ్‌పీయే నిశ్చింత. చలి బాగా ఎక్కువ ఉండే చోట మాత్రం అది ఇంకొంచెం ఎక్కువ నీరసపడుతుంది.

ఈ సెల్స్ అన్నింటి మీదా కాపలా ఉండేది బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, బీఎంఎస్ అంటారు. ఏ సెల్ ఎంత వోల్టేజ్‌లో ఉంది, ఎంత వేడిగా ఉంది అని చూస్తూనే ఉంటుంది, వరసలో ఒక్క సెల్ వెనకపడినా మొత్తం ప్యాక్ దానికోసం ఆగాల్సిందే కాబట్టి అన్నింటినీ సమానం చేస్తూ ఉంటుంది, ఏదైనా హద్దు దాటితే పవర్ తగ్గించేస్తుంది లేదా కాంటాక్టర్ తెరిచేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద కనపడే శాతం కూడా ఇదే వేసే అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే బ్యాటరీలో ఎంత మిగిలిందో నేరుగా కొలిచే సాధనం లేదు, లోపలికి పోయిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు, వోల్టేజ్ చూసి లెక్క కడుతుంది. ఎల్ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ 30 శాతం దగ్గరా 70 శాతం దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకని ఆ కార్లని వారానికోసారి 100 శాతం చెయ్యమని చాలా కంపెనీలు చెప్తాయి, లెక్క సరిచేసుకోవడానికి.

ఇన్వర్టర్, మోటార్

బ్యాటరీ ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. మోటార్‌కి కావాల్సింది మూడు ఫేజుల ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారుతూ ఉండే కరెంటు. మధ్యలో ఇన్వర్టర్ ఉంటుంది, అందులోని ట్రాన్సిస్టర్లు సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతూ డీసీని తరిగి ఏసీ లాగా తయారుచేస్తాయి. మోటార్ బయటి భాగంలో చుట్టిన మూడు సెట్ల రాగి తీగల్లోకి ఆ ఏసీ ఒకదాని తర్వాత ఒకటిగా పోతే లోపల గుండ్రంగా తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, మధ్యలో ఉన్న రోటార్ దాని వెంట పరిగెడుతుంది. రోటార్‌లో శాశ్వత అయస్కాంతాలు పెడితే అది పర్మనెంట్ మాగ్నెట్ మోటార్, ఇప్పుడు ఎక్కువ కార్లలో ఉండేది ఇదే, అవి లేకుండా నడిచేది ఇండక్షన్ మోటార్. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ఇండక్షన్ మోటార్‌తోనే వచ్చింది.

యాక్సిలరేటర్ నొక్కడం అంటే ఇక్కడ ఇంధనం పొయ్యడం కాదు, ఇన్వర్టర్‌కి ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలి అని చెప్పడమే. ఇంజన్ లాగా ఇన్ని ఆర్‌పీఎం దాటాకే బలం వస్తుంది అన్న బాధ లేదు, నిలబడి ఉన్న చోటి నుంచే పూర్తి టార్క్ దొరుకుతుంది, సిగ్నల్ దగ్గర ఆ దూకుడు అందుకే. గేర్‌బాక్స్ కూడా అక్కర్లేదు, చాలా కార్లకి ఒకే ఒక్క రిడక్షన్ గేర్, సుమారు 9 కి 1. గంటకి 100 కిలోమీటర్లలో చక్రం నిమిషానికి 800 చుట్లు పైచిలుకు తిరుగుతుంటే మోటార్ 7,500 దాకా తిరుగుతుంటుంది, చాలా మోటార్లు 15,000 దాటి కూడా తిరగగలవు. రివర్స్ గేర్ అంటూ ఏమీ లేదు, ఇన్వర్టర్ ఫేజుల వరస మార్చేస్తే మోటార్ వెనక్కి తిరుగుతుంది, అంతే.

బ్రేక్ వెయ్యకుండా ఆపడం

మోటార్‌ని బయటి నుంచి తిప్పితే అదే జనరేటర్. మీరు కాలు తీసేయగానే ఇన్వర్టర్ పని తలకిందులు చేస్తుంది, చక్రాలు మోటార్‌ని తిప్పుతాయి, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది, ఆ తిప్పడానికి పట్టే బలమే బండిని ఆపుతుంది. దీన్ని రీజెన్ అంటారు. ఎంత వస్తుంది అన్నది లెక్క వేసుకోవచ్చు. 1,500 కిలోల కారు గంటకి 72 కిలోమీటర్లతో పోతుంటే దాంట్లో ఉన్న శక్తి 3 లక్షల జూల్స్, అంటే యూనిట్లో పన్నెండో వంతు. రానూ పోనూ నష్టాలు తీసేస్తే అందులో మూడింట రెండు వంతులు తిరిగి వాడుకోవచ్చు అనుకోండి. ఒక్కసారికి ఏమీ కాదు గానీ ఊళ్లో ఆగి ఆగి పోయేటప్పుడు కలిసొస్తుంది, అందుకే ఈ కార్లు హైవే కన్నా ఊళ్లోనే ఎక్కువ మైలేజ్ ఇస్తాయి, పెట్రోల్ కార్లకి పూర్తి రివర్స్. ఘాట్ రోడ్డు సంగతీ అంతే, అదే కారు 1,000 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా 4 యూనిట్లు పైనే తింటుంది, దిగేటప్పుడు చాలావరకు తిరిగిచ్చేస్తుంది, కాబట్టి సగం కొండ ఎక్కాక రేంజ్ నంబర్ చూసి గుండె జారిపోవాల్సిన పనిలేదు.

వాడే పద్ధతి ఏంటంటే, ట్రాఫిక్‌లో రీజెన్ ఎక్కువ పెట్టుకుని ఒక్క పెడల్‌తో నడపడం అలవాటు చేసుకోండి, కాలు ఒక్కసారిగా తీసెయ్యకుండా మెల్లగా లేపాలి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పుతుంది. ఖాళీ హైవే మీద రీజెన్ తగ్గించి బండిని జారనివ్వడం మంచిది, ఆపి మళ్లీ లాగడం కన్నా అసలు ఆపకపోవడమే లాభం కదా. రెండు సందర్భాల్లో రీజెన్ పనిచెయ్యదు లేదా బాగా తగ్గుతుంది: బ్యాటరీ 100 శాతం నిండి ఉన్నప్పుడు (కరెంటు పెట్టుకోవడానికి చోటు లేదు), బ్యాటరీ బాగా చల్లగా ఉన్నప్పుడు. ఇల్లు కొండ మీద ఉన్నవాళ్లు ఫుల్ ఛార్జ్‌తో పొద్దున్నే కిందకి దిగితే కాలు తీసినా బండి ఆగదు, బ్రేక్ పెడల్ తొక్కడానికి రెడీగా ఉండాలి. మామూలు బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి డిస్కులు తుప్పు పట్టే అవకాశం ఎక్కువ, అప్పుడప్పుడు వెనక ఎవరూ లేనప్పుడు బ్రేక్ గట్టిగా వేసి డిస్కులు శుభ్రం చేసుకోవాలి.

ఛార్జింగ్, అసలు తికమకంతా ఇక్కడే

గోడ ప్లగ్‌లో వచ్చేది ఏసీ, బ్యాటరీకి కావాల్సింది డీసీ. మార్చే పని ఎవరు చేస్తారన్నదే రెండు రకాల ఛార్జింగ్‌కి తేడా. ఇంట్లో పెట్టేటప్పుడు ఆ పని కారులోనే ఉన్న ఆన్ బోర్డ్ ఛార్జర్ చేస్తుంది, గోడకి పెట్టే డబ్బా నిజానికి ఛార్జర్ కాదు, తెలివైన స్విచ్ అంతే. ఎంత కరెంటు ఇవ్వగలనో కారుకి చెప్తుంది, కారు అంతే లాగుతుంది. అందుకని 22 కిలోవాట్ల డబ్బా పెట్టించినా కారులో ఉన్నది 7.2 కిలోవాట్ల ఆన్ బోర్డ్ ఛార్జర్ అయితే 7.2 మించి ఎక్కదు, డబ్బులు దండగ. పెద్ద డబ్బా కొనేముందు కారు స్పెసిఫికేషన్లో ఈ ఒక్క నంబర్ చూసుకోండి.

ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లో మార్చే పని స్టేషనే చేసేసి డీసీని నేరుగా బ్యాటరీకి పంపిస్తుంది, అందుకే 50, 100, 150 కిలోవాట్లు సాధ్యం. అయినా ఎంత కావాలన్నది కారు బీఎంఎస్ అడిగితేనే స్టేషన్ ఇస్తుంది.

60 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే 36 యూనిట్లు కావాలి. 230 వోల్టుల మామూలు సాకెట్‌లో 10 ఆంపియర్లు లాగితే 2.3 కిలోవాట్లు, నష్టాలతో కలిపి 17, 18 గంటలు. 7.2 కిలోవాట్ల డబ్బాతో ఐదున్నర గంటలు, అంటే రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. 100 కిలోవాట్ల స్టేషన్లో సుమారు అరగంట. ఇక్కడ 36 ని 100 తో భాగించి ఇరవై రెండు నిమిషాలే కదా అంటారేమో, అలా జరగదు. సన్న మూతి సీసాలో నీళ్లు పోసేటప్పుడు నిండే కొద్దీ ధార తగ్గించుకుంటాం కదా, బ్యాటరీ కూడా అంతే, సెల్ నిండే కొద్దీ లిథియం అయాన్లకి గ్రాఫైట్‌లో చోటు వెతుక్కోవడం కష్టమైపోతుంది, బలవంతంగా తోస్తే లోపలికి పోకుండా పైనే లోహంలా పేరుకుపోతాయి, అది శాశ్వత నష్టం. అందుకని బీఎంఎస్ ముందే కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది, 80 దాటాక మరీ నెమ్మది. ప్రయాణంలో 80 నుంచి 100 కోసం స్టేషన్లో కూర్చోవడం టైమ్ వేస్ట్, 10, 15 శాతానికి వచ్చాక ఆగి 70, 80 దాకా పెట్టుకుని బయలుదేరి, అవసరమైతే ఇంకోసారి ఆగడమే మొత్తం మీద తొందరగా చేరుస్తుంది.

చల్లటి బ్యాటరీకీ ఇదే సమస్య, సున్నా డిగ్రీల దగ్గర ఫాస్ట్ ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది. ప్రీకండిషనింగ్ ఉన్న కారైతే నావిగేషన్లో ఛార్జింగ్ స్టేషన్‌ని గమ్యంగా పెట్టండి, చేరేలోపు బ్యాటరీని అదే వేడి చేసుకుంటుంది.

ఇంటి సాకెట్‌లో పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక, ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు లాగుతుంది, కారు పది గంటలు ఆపకుండా లాగుతుంది. పాత వైరింగ్, లూజు సాకెట్, సన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే అవి కాలిపోతాయి. విడిగా ఒక లైను, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే సరైన ఎంసీబీ, లీకేజ్ పట్టే ఆర్‌సీడీ, మంచి ఎర్తింగ్, ఈ నాలుగూ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే మొదలుపెట్టండి. మొదటిసారి పెట్టిన గంటకి ప్లగ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి పిలిపించాల్సిందే.

రేంజ్ ఎక్కడికి పోతోంది

కంపెనీ చెప్పే రేంజ్ ల్యాబ్ టెస్ట్‌లో తేలింది, రోడ్డు మీద అంత రాకపోవడం మామూలే. పెద్ద దొంగ గాలి. గాలి అడ్డుకునే బలం స్పీడ్ వర్గంతో పెరుగుతుంది, 80 నుంచి 110 కి పెంచితే దాదాపు రెట్టింపు, అందుకే హైవే మీద గమ్యం చేరుతుందో లేదో అని డౌట్ వస్తే ముందు చెయ్యాల్సింది స్పీడ్ ఓ 15 తగ్గించడం, కూలింగ్ ఆపుకుని చెమటలు కక్కడం కాదు. కూలింగ్ తినేది తక్కువే. హీటర్ మాత్రం వేరే లెక్క, పెట్రోల్ కారులో ఇంజన్ వేస్ట్ వేడే ఫ్రీగా వస్తుంది, ఇక్కడ బ్యాటరీలోంచే తియ్యాలి, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉన్న కారైతే కాస్త నయం. చలికాలంలో ప్లగ్‌లో ఉండగానే క్యాబిన్ వేడి చేసుకుని బయలుదేరితే ఆ భారం బ్యాటరీ మీద పడదు. సీట్ హీటర్, స్టీరింగ్ హీటర్ ఉంటే వాటితోనే సరిపెట్టుకోవచ్చు, గది మొత్తం వేడి చెయ్యడం కన్నా చాలా తక్కువ తింటాయి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోండి.

బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే

బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది, వాడితే ఒకలా, వాడకుండా ఉన్నా కాలంతో పాటు ఇంకోలా. రెండో దానికి ఆజ్యం పోసేవి వేడి, ఫుల్ ఛార్జ్, ఆ రెండూ కలిస్తే మరీను. ఎన్ఎంసీ కారైతే రోజువారీకి 80 శాతం లిమిట్ పెట్టుకుని, దూరం వెళ్లే రోజు మాత్రమే 100 చేసి వెంటనే బయలుదేరండి. ఎండలో 100 శాతంతో వారాల తరబడి వదిలెయ్యొద్దు, ఊరెళ్తుంటే 50 దగ్గర పెట్టి వెళ్లండి. సున్నా దాకా లాగించడం కూడా మంచిది కాదు. ఫాస్ట్ ఛార్జింగ్ వల్ల బ్యాటరీ పాడైపోతుంది అని భయపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలింగ్ ఉన్న కారుని ప్రయాణాల్లో ఫాస్ట్ ఛార్జ్ చేస్తే దడవాల్సిందేమీ లేదు, ఆ కూలింగ్ ఉన్నది అందుకే. 2010లో వచ్చిన మొదటి తరం నిస్సాన్ లీఫ్‌లో లిక్విడ్ కూలింగ్ లేదు, బాగా వేడి ఉండే చోట్ల దాని బ్యాటరీలు తొందరగా నీరసించాయి, ఆ పాఠం తర్వాత చాలామంది నేర్చుకున్నారు.

సర్వీసు విషయానికొస్తే ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్, క్లచ్, టైమింగ్ బెల్ట్ ఏవీ లేవు. కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, క్యాబిన్ ఫిల్టర్, టైర్లు చూసుకుంటే చాలు, టైర్లు మాత్రం బరువు, టార్క్ వల్ల కాస్త తొందరగా అరుగుతాయి. కింద బ్యాటరీ పెట్టెకి రాయి గట్టిగా తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా చూపించండి. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, డ్రైవ్ చక్రాలు తిరిగితే మోటార్ కరెంటు పుట్టిస్తుంది, ఇన్వర్టర్ దెబ్బతినొచ్చు, నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు బ్యాటరీ ఎంత మిగిలిందో తేల్చుకోవాలంటే షోరూమ్ రిపోర్ట్ ఒక్కదాన్నే నమ్ముకోనక్కర్లేదు. 90 శాతం దగ్గర ట్రిప్ మీటర్ రీసెట్ చేసి, ఆపకుండా 30 శాతం వచ్చేదాకా నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో స్క్రీన్ మీద చూడండి. 60 శాతానికి 31 యూనిట్లు వాడితే, 31 ని 0.6 తో భాగిస్తే 51.7, అంటే వాడుకోగలిగేది ఇప్పుడు 52 యూనిట్ల దగ్గర ఉంది. కొత్తగా ఉన్నప్పుడు వాడుకోగలిగింది 58 అనుకుంటే 89 శాతం ఆరోగ్యం అన్నమాట. చలిలో చేస్తే తక్కువ చూపిస్తుంది కాబట్టి మామూలు వాతావరణంలో చెయ్యండి, ఎల్ఎఫ్‌పీ అయితే ముందు ఒకసారి 100 శాతం నింపి లెక్క సరిచేయించుకుని మొదలుపెట్టండి. చాలా కంపెనీల వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల లోపు ఈ ఆరోగ్యం 70 శాతం కిందకి పడిపోతే వర్తిస్తుంది, మీకు వచ్చిన నంబర్‌ని దాని పక్కన పెట్టి, వారంటీలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూసుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి.